కుట్టుకి వదిలిన దూరం

మా వదిన కొలత చెప్పిందంటే దానికి తిరుగులేదు. ముప్పై ఏళ్లుగా మా దర్జీ షాపులో కటింగ్ బల్ల ఆవిడది, మిషను మా అన్నయ్యది, కాజాలూ బొత్తాలూ చేతికుట్టూ నావి. మనిషి గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికే భుజం ఎంతో, నడుం ఎంతో, ఏ భుజం కాస్త కిందికి జారిందో వదిన మనసులో రాసేసుకుంటుంది. అయినా టేపు పెట్టే కొలుస్తుంది. కంటికి పొగరెక్కువ, టేపుకి అబద్ధం చేతకాదు అని ఆవిడ నమ్మకం.

ఆ పసుపు టేపు పదకొండేళ్లుగా ఆవిడ మెడలోనే ఉంది. పడుకునేటప్పుడైనా తీస్తుందో లేదో అన్నయ్యని అడగాలని ఉంటుంది కానీ, ఆడపడుచు అడగాల్సిన ప్రశ్న కాదని ఊరుకున్నాను. కొలవబోయే ముందు రెండు చివర్లూ పట్టుకుని చిటుక్కున ఒక్క లాగు లాగుతుంది. అలా లాగనిదే ఆవిడకి చెయ్యి ఆడదు.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. కుట్టుకి వదలకుండా ఆవిడ ఏ పనీ చెయ్యదు. గుడ్డ కోసేటప్పుడు కుట్టులోకి పోయే అర అంగుళం వదలడం దర్జీలందరూ చేసేదే. మా వదిన టీ పెట్టడంలో కూడా వదులుతుంది. నలుగురికి పెట్టమంటే నాలుగున్నర మందికి పెడుతుంది. బస్సు ఏడింటికైతే ఆరూ నలభైకి స్టాపులో నిలబడుతుంది. ఇంత ముందెందుకు వదినా అంటే, "కుట్టుకి" అంటుంది.

ఒకరోజు పరుగుల క్లబ్బు కార్యదర్శి నలభై బనీన్లు పట్టుకొచ్చాడు, భుజాలు బిగించమని. పొడుగ్గా పీలగా ఉండే మనిషి. ఆయన మీద గాలి వీస్తే బనీను ఒక పక్కకీ మనిషి ఇంకో పక్కకీ పోయేట్టుంది.

"ఎంత దూరమండీ మీ పరుగు?" అని అడిగింది వదిన, సుద్దతో గుర్తులు పెడుతూ.

"ఇరవై ఒక్క కిలోమీటర్లమ్మా. పైన ఇంకో తొంభై ఏడు మీటర్లు."

వదిన చేతిలో సుద్ద ఆగిపోయింది. "ఆ తొంభై ఏడూ కుట్టుకా?"

పాపం ఆయనకి అర్థం కాలేదు. నాకు అర్థమై నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అంతవరకూ బనీన్లు చూస్తున్న వదిన అప్పుడు ఆయన వైపు తిరిగి, ఎన్ని గంటల్లో రావాలి, రాకపోతే ఏం చేస్తారు అని ఆరా తీయడం మొదలుపెట్టింది. మూడు గంటల్లోపు చివరి గీత దాటాలిట. మూడు దాటితే గీత ఎత్తేస్తారు. వెనకాల ఒక వ్యాను నెమ్మదిగా వస్తుంది, మిగిలినవాళ్లని ఎక్కించుకుంటుంది.

"నా పేరు రాసుకోండి" అంది వదిన.

ఆయన ఆవిడని ఎగాదిగా చూశాడు. యాభై రెండేళ్ల మనిషి, పొట్టి, కాస్త ఒళ్లున్న మనిషి. "అలవాటుందా అమ్మా?"

"నిలబడటం అలవాటుందండీ. రోజుకి పది గంటలు."

అన్నయ్య మిషను ఆపాడు. ఆయన మిషను ఆపాడంటే విషయం పెద్దదని లెక్క. "నువ్వు ఏనాడూ బస్సు వెనకాల కూడా పరిగెత్తలేదు కదే" అన్నాడు.

"నాకు బస్సు ఏనాడూ తప్పిపోలేదు కదా" అంది వదిన.

ఆ సాయంత్రం షాపు కట్టేస్తుంటే నేను ఊరుకోలేక, "పరుగు పందెం అంటున్నావు. పందెమంటే ఎదురు ఇంకో మనిషుండాలి. నీతో పందెం కాసేవాళ్లెవరు వదినా?" అని ఆటపట్టించాను.

"నువ్వే" అంది.

"నేనా?"

"నేను మూడు గంటల్లోపు వస్తే నువ్వు కత్తెర పట్టాలి. రాకపోతే ఇక జన్మలో నిన్ను బల్ల దగ్గరికి పిలవను."

నా గుండెల్లో రాయి పడింది. ఎందుకు పడిందో చెప్పాలంటే ఒక ప్రొఫెసరు గారి కోటు సంగతి చెప్పాలి. పదకొండేళ్ల కిందట నేను కటింగ్ నేర్చుకుంటున్నాను. వదిన పక్కన నిలబడి నాలుగు చొక్కాలు కోశాను, మెచ్చుకున్నారు, నెత్తికెక్కింది. ఒక మధ్యాహ్నం ఆవిడ లేనప్పుడు ప్రొఫెసరు గారి కోటు చేతులు నేనే కోస్తానని కూర్చున్నాను. నమూనా కాగితం పెట్టి ఒక చెయ్యి కోశాను. రెండోదానికి ఆ కాగితం తిరగెయ్యాలి. తిరగెయ్యలేదు. రెండూ ఎడమ చేతులే వచ్చాయి. అలాంటి గుడ్డ మళ్లీ దొరకలేదు. ప్రొఫెసరు గారు నవ్వేసి చేతుల్లేని కోటు కుట్టించుకుని వెళ్లిపోయారు, నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆ రోజునుంచి కత్తెర ముట్టుకోలేదు. బొత్తాలు కుట్టుకుంటూ కడుపులో చల్ల కదలకుండా బతుకుతున్నాను. తప్పు కుట్టిన బొత్తాన్ని తెంపి మళ్లీ కుట్టొచ్చు. కోసిన గుడ్డని ఏం చేస్తాం?

వదిన పట్టుదలకి కారణం కూడా నాకు తెలుసు. ఆవిడ కుడిచేతి బొటనవేలు అరిగిపోయింది. మందపాటి గుడ్డ కోసిన రోజు వేడినీళ్లలో చెయ్యి పెట్టుకుని కూర్చుంటుంది. షాపులో ఇంకెవరూ కొయ్యలేరు. "కాళ్లు ఇంకా కొత్తగానే ఉన్నాయే, వాడలేదు కదా. చెయ్యే పాతబడింది" అంటుంది నవ్వుతూ.

సరే అన్నాను. ఆవిడ ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెత్తుతుందని నేను కలలో కూడా అనుకోలేదు కాబట్టి, ధైర్యంగానే అన్నాను.

మర్నాటి ఆదివారం తెల్లవారగానే నన్ను లేపి బస్సు డిపోకి తీసుకెళ్లింది. డిపో ప్రహరీ చుట్టూ పేవ్‌మెంట్ ఉంది, రోడ్డు దాటే పని లేదు. అక్కడ తిరుగుదామని, ముందు దాన్ని కొలుద్దామని ఆవిడ ఆలోచన. ఫోను కొలుస్తుంది కదా వదినా అంటే, "మెడలో టేపుండగా ఆకాశాన్ని అడగడమెందుకు?" అంది. కోటు అంచు లోపల వేసే గట్టి పట్టీని తన టేపుతో సరిగ్గా ముప్పై మీటర్లు కొలిచి కోసుకొచ్చింది. "ఇది సాగే రకం కాదు, చూశావా" అని రెండు చేతులతో లాగి చూపించింది కూడా. ఒక చివర నేను పట్టుకున్నాను, రెండోది ఆవిడ. పట్టీ పరవడం, సుద్దతో గీత గీయడం, మళ్లీ పరవడం. డ్యూటీ ఎక్కబోతున్న డ్రైవరొకాయన ఆగి, "డిపోకి చొక్కా కుట్టిస్తున్నారా అమ్మా?" అని అడిగాడు. "కాలరు ఎలాంటిది పెట్టమంటారు?" అంది వదిన తల ఎత్తకుండానే.

నలభై ఏడు పట్టీలు వచ్చింది. పధ్నాలుగు వందల పది మీటర్లు. పదిహేను చుట్లు తిరిగితే కావలసిన దూరమూ వస్తుంది, పైన యాభై మీటర్లు మిగులుతుంది. ఆ యాభై చూసి మా వదిన మొహం ఎంత వెలిగిందో! డిపో కట్టినవాళ్లు కూడా కుట్టుకి వదిలే కట్టారంది.

మొదటి వారం ఒక చుట్టు పరిగెత్తి, ఒక చుట్టు నడిచేది. పరుగంటే అదేమంత పరుగు కాదు, పక్కన నేను అంగలేసి నడిస్తే సరిపోయేది. రెండో వారం నేను నడవలేకపోయాను. నెల తిరిగేసరికి గేటు దగ్గర బెంచీ మీద కూర్చుని, చుట్టుకొక బొత్తాం జేబులోంచి తీసి బెంచీ మీద పెట్టడం నా పని అయింది. పొద్దున్నే ఆరు బొత్తాలు, తొమ్మిది బొత్తాలు, పన్నెండు. ఆవిడ మాత్రం నా ముందునుంచి వెళ్లిన ప్రతిసారీ ఒక మాట విసిరి పోయేది. "నిద్రపోకు." "ఎనిమిది అయ్యాయి, ఏడు కాదు." "ఆ బూడిదరంగు కోటుకి కాజాలు ఇవాళ అయిపోవాలి." ఆయాసంతో ఉన్న మనిషి అజమాయిషీ చెయ్యగలదని నేను అప్పుడే తెలుసుకున్నాను.

డిపో డ్రైవర్లకి ఆవిడ అలవాటైపోయింది. ఆవిడ మలుపు తిరుగుతుంటే ఒకరిద్దరు హారను కొట్టేవారు. అన్నయ్య పైకి ఏమీ అనేవాడు కాదు, కానీ ఆవిడ బూట్లు రోజూ సాయంత్రం తుడిచి కిటికీలో పెట్టేవాడు. నాకు లోపల్లోపల బెంగ మొదలైంది. ఈ మొండిఘటం నిజంగానే వచ్చేస్తుందేమో, నేను కత్తెర పట్టాల్సి వస్తుందేమో అని.

పందేనికి మూడు వారాలుండగా పదిహేను చుట్లూ తిరిగి చూసుకుంది. బెంచీ మీద పదిహేనో బొత్తాం పెట్టి ఫోను చూశాను. మూడు గంటల రెండు నిమిషాలు.

వదిన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చాలాసేపు నిలబడింది.

వారం తర్వాత మళ్లీ తిరిగింది. మళ్లీ అంతే, మూడు గంటల రెండు నిమిషాలు. ఇక అది మారదని ఆవిడకీ నాకూ తెలిసిపోయింది. సోమవారం బల్ల దగ్గర గుడ్డ మడతపెడుతూ మామూలుగానే చెప్పింది. "పది కిలోమీటర్లది కూడా ఉందిట. శుక్రవారం దాకా మార్చుకోవచ్చుట. కోటుకి గుడ్డ చాలనప్పుడు చేతుల్లేని కోటు కోసుకోవాలి. వ్యాను మాత్రం ఎక్కను."

"మరి పందెం?" అన్నాను, గొంతులో సంతోషం వినిపించకుండా జాగ్రత్తపడుతూ.

"ఓడిపోయినట్టే కదా" అంది. నేను వెనక్కి తిరిగి సూదిలో దారం ఎక్కించుకున్నాను. మూడుసార్లు తప్పింది.

బుధవారం వదిన ఎవరికో కొలతలు తీసుకోవడానికి వెళ్లింది. ఎన్నడూ లేనిది ఆ పసుపు టేపు బల్ల మీద మర్చిపోయి చేతిసంచీలో ఉన్న చిన్నది పట్టుకెళ్లింది. అప్పుడు ఒక హోటలు మేనేజరు ఆరు కోట్లు చేతిమీద వేసుకుని వచ్చాడు. సిబ్బంది కోసం మేము కుట్టినవి. కొలతలు వాళ్లే తీసి కాగితం మీద రాసి పంపారు. "అన్నీ నడుం దగ్గర ముప్పావు అంగుళం లూజుగా ఉన్నాయమ్మా. ఒకటైతే మావాడు చిక్కాడనుకుందును. ఆరుగురూ ఒకేసారి చిక్కరు కదా" అన్నాడు. మర్యాదస్థుడు, గొడవ పెట్టుకోలేదు. కోట్లు నాకిచ్చి వెళ్లిపోయాడు.

మా వదిన కోసిన కోటు లూజా? నాకు నమ్మబుద్ధి కాలేదు. కాగితం చూశాను, కోటు కొలిచాను. పసుపు టేపుతో కొలిస్తే కాగితంలో ఉన్నదే వచ్చింది. మరి లూజెలా అయింది? బల్ల మీద ఇనుప స్కేలుంది, గీతలు గీసుకోవడానికి. ఏదో తోచి టేపుని దాని పక్కన పెట్టాను. స్కేలు అరవై దగ్గర టేపు యాభై తొమ్మిదికి కూడా రాలేదు.

టేపు సాగిపోయింది. పదకొండేళ్లు ఆ రెండు చేతులూ చిటుక్కున లాగితే అదేం చేస్తుంది? మాకెవరికీ తెలియకపోవడం కూడా సహజమే. మనిషినీ దాంతోనే కొలిచి, గుడ్డనీ దాంతోనే కోస్తే తేడా ఎక్కడ కనిపిస్తుంది? వేరేవాళ్ల టేపుతో తీసిన కొలతలు రాబట్టి బయటపడింది.

ఆ మాట అనుకుంటూనే నేను కుర్చీలో కూలబడ్డాను. డిపోని కొలిచిన పట్టీ కూడా ఆ టేపుతో కోసిందే. ముప్పై మీటర్లనుకున్నది ముప్పైకి పైనే ఉంది. వేళ్లమీద లెక్క కట్టాను, కాగితం మీద కట్టాను, రెండుసార్లు కట్టాను. మా వదిన తిరిగింది ఇరవై ఒకటి కాదు, ఇరవై ఒకటిన్నర. ఉన్న దూరం కంటే నాలుగు వందల మీటర్లు ఎక్కువ తిరిగి రెండు నిమిషాలు ఆలస్యమైంది. అసలు దూరానికైతే రెండు నిమిషాలు ముందే వచ్చేది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. టేపుని చుట్టచుట్టి బొత్తాల డబ్బాలో అడుగున పెట్టాను. పైన బొత్తాలు పోశాను. కోట్లు వెనక గదిలో పాత సంచుల కింద దాచాను. రెండు రోజులు నోరు మూసుకుంటే చాలు, శుక్రవారం దాటిపోతుంది, కత్తెర నా జోలికి రాదు.

ఆ రెండు రోజులూ మెడలో టేపు లేని వదినని చూడటం నా వల్ల కాలేదు. షాపంతా వెతికింది. అన్నయ్య మిషను కింద కూడా దూరి చూసింది. మధ్యమధ్య చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి పోయేది, ఖాళీగా కిందికి వచ్చేది. నాకు టీ పెట్టి ఇచ్చింది, ఎప్పటిలాగే అరకప్పు ఎక్కువ. నేను తాగలేకపోయాను.

శుక్రవారం మధ్యాహ్నం నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. "ఆ ఫోన్లో పదికి మార్చెయ్యవే, నాకు కళ్లద్దాలు కనపడటం లేదు" అంది. తెరిచాను. ఇరవై ఒకటి, కింద పది. వేలు పెట్టబోయాను. ఆవిడ నా వేలు వైపు చూస్తోంది, బస్సులో చోటు లేదనిపించుకున్న మనిషిలా.

ఫోను పక్కన పడేసి బొత్తాల డబ్బా బల్ల మీద బోర్లించాను. బొత్తాలు నేలంతా దొర్లాయి. మధ్యలో పసుపు టేపు.

"సాగిపోయింది వదినా" అన్నాను. "ఇవాళ పొద్దున్నే చూశాను. స్కేలు పక్కన పెట్టి చూసుకో."

ఆవిడ పెట్టి చూసింది. వెంటనే ఆవిడ అన్న మాట నేను అనుకున్నది కాదు. "ఎన్ని కోట్లు?" అంది, మొహం పాలిపోయి.

"ఆరు. లోపల గదిలో ఉన్నాయి. అవి నేను సరిచేస్తాను, పక్క కుట్లు లోపలికి తీసుకుంటే చాలు. నువ్వు ముందు డిపో సంగతి ఆలోచించు!"

ఒక నిమిషం పట్టింది. పెదవులు కదిలాయి, లెక్క కడుతోంది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. అన్నయ్య మిషను ఆపి చూశాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఎంతసేపూ కుట్టుకి యాభై మీటర్లు వదిలాననుకున్నానే. నాలుగు వందలు వదిలానా?" అంది.

పందెం రోజు పొద్దున అన్నయ్యా నేనూ చివరి గీత దగ్గర తాడు పట్టుకుని నిలబడ్డాం. పైన పెద్ద గడియారం అంకెలు మారుతున్నాయి. రెండూ నలభై దాటింది. రెండూ యాభై దాటింది. సన్నగా పొడుగ్గా ఉన్నవాళ్లంతా ఎప్పుడో వచ్చేసి అరటిపళ్లు తింటున్నారు. రెండూ యాభై ఆరు. దూరంగా మలుపులో వ్యాను ముక్కు కనిపించింది. అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు, చిన్నప్పుడు బడికి తీసుకెళ్లేటప్పుడు పట్టుకున్నట్టు.

వ్యానుకి చాలా ముందు, పొట్టిగా ఒక మనిషి. తొందరేమీ లేదు. బల్ల మీద గుడ్డ కోసేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది మొహం, గీత మీదే చూపు. నేను కేకలు పెట్టాను. ఏం కేకలు పెట్టానో నాకే తెలియదు. "వదినా, కత్తెర! వదినా, కత్తెర!" అన్నానని అన్నయ్య తర్వాత చెప్పాడు.

రెండు గంటల యాభై ఎనిమిది నిమిషాలకి గీత దాటింది. దాటి ఆగలేదు. పతకం పట్టుకుని నిలబడ్డ కార్యదర్శి పక్కనుంచి అలాగే సాగిపోయింది. ఆయన పతకం రిబ్బను ఊపుకుంటూ "అమ్మా! అయిపోయిందమ్మా! గీత ఇక్కడే!" అని వెనకాల పరిగెత్తాడు. నీళ్ల సీసాల బల్లల దాకా వెళ్లి అప్పుడు ఆగింది. మేం చేరేసరికి ఆయనకి చెబుతోంది, కుట్టుకండీ అని.

నాకు ఏడుపొచ్చింది. పందెం ఓడిపోయినందుకనుకుని అన్నయ్య ఓదార్చాడు. గెలిచినట్టే ఉంది నాకు.

సోమవారం నేను షాపుకి వెళ్లేసరికి కటింగ్ బల్ల మీద ముదురు నీలం గుడ్డ పరిచి ఉంది. పక్కన నమూనా కాగితం, కత్తెర, కొత్త టేపు.

"నాకో కోటు. పొద్దున చలిలో డిపోకి వెళ్లేటప్పుడు వేసుకుంటాను" అంది వదిన. "ముందు చేతులు కొయ్యి. రెండింట్లో ఒకటి కుడిదైతే బావుంటుంది."

నీళ్లు నమిలాను. బూడిదరంగు కోటు కాజాలు మిగిలాయన్నాను, రేపటినుంచి మొదలుపెడతానన్నాను.

వదిన టేపు మెడలో వేసుకుని నా దగ్గరికి వచ్చింది. "హోటలు మేనేజరుకి ఫోను చేశాను, కోట్లు సరిపోయాయా అని. బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. బుధవారం మీ ఆడపడుచు గారికి ఇచ్చి వెళ్లాను, భలే తొందరగా ఇచ్చారే అన్నాడు."

నా చెవులు కాలిపోయాయి. తల ఎత్తలేకపోయాను.

"బుధవారంనుంచి శుక్రవారం దాకా నా టేపు బొత్తాల డబ్బాలో ఏం చేస్తోందో నేనడగను" అంది వదిన, మెల్లగా, అన్నయ్యకి వినపడకుండా. "ఆ రెండు రోజులూ కుట్టుకి వదిలేశాను. కొయ్యి."

కత్తెర నా చేతిలో పెట్టింది. దాని పిడి అరిగి ఆవిడ బొటనవేలి ఆకారంలోకి వచ్చింది, నా వేలు అందులో కాస్త వదులుగా ఆడింది. నమూనా కాగితం గుడ్డ మీద పెట్టి, తీసి, తిరగేసి, మళ్లీ పెట్టాను. మొదట కుడి చెయ్యి కోశాను.